అంగారకుడిని ఆవాసయోగ్యం చేయడం: ఒక నైతిక చర్చ చరిత్ర

వ్యాససంగ్రహం:
పరాయి గ్రహాన్ని మనుషుల నివాసానికి అనువుగా మార్చాలన్న ఆలోచన 20వ శతాబ్దిలో సాహిత్యం నుండి శాస్త్రంలోకి, అక్కడి నుండి నీతిశాస్త్రంలోకి ప్రవేశించింది. ఆ క్రమాన్ని పరిశీలించి, ఈ చర్చకు మూలం సాంకేతిక సామర్థ్యం కాదనీ, 'ఖాళీ నేల' అన్న భావన అనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అంగారకుడు, భూసదృశీకరణ, పర్యావరణ నీతి, అంతరిక్ష ఒప్పందం, ఖాళీ నేల.

1. ఉపోద్ఘాతం:
ఒక గ్రహపు వాతావరణాన్ని, ఉష్ణోగ్రతను మార్చి భూమిని పోలినట్లు చేయడాన్ని 'టెరాఫార్మింగ్' అంటారు. దీనిని ఈ వ్యాసంలో 'భూసదృశీకరణ' అని వ్యవహరిస్తున్నాను. ఈ పదం పుట్టింది ప్రయోగశాలలో కాదు. అమెరికన్ రచయిత జాక్ విలియమ్సన్ 1942లో విల్ స్టీవర్ట్ అనే కలంపేరుతో రాసిన వైజ్ఞానిక కల్పనా కథలో దీనిని ప్రయోగించాడు. ఊహగా ఉన్నంతకాలం దీని మంచిచెడులను విచారించవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

2. ప్రణాళికల దశ:
1961లో కార్ల్ సేగన్ 'సైన్స్' పత్రికలో, శుక్రగ్రహ వాతావరణంలో శైవలాలను వెదజల్లి బొగ్గుపులుసు వాయువును తగ్గించవచ్చని సూచించాడు. ఆ గ్రహంపై వాయుపీడనం భూమిపై ఉన్నదానికి సుమారు 90 రెట్లని తరువాత తేలడంతో ఆ పథకం నిలవలేదు. ఈ ఉదాహరణ ఒక హెచ్చరిక. గ్రహాన్ని మార్చే ఆలోచన, ఆ గ్రహాన్ని గురించిన జ్ఞానం కంటే ముందే సిద్ధమైంది.

1967 నాటి అంతరిక్ష ఒప్పందం ఖగోళ వస్తువులపై ఏ దేశానికీ సార్వభౌమాధికారం లేదని రెండవ అధికరణంలో ప్రకటించింది. 'హానికర కాలుష్యం' కలిగించరాదని తొమ్మిదవ అధికరణంలో నిర్దేశించింది. అయితే హాని ఎవరికి అన్నది నిర్వచించలేదు. ఒక గ్రహాన్ని ఉద్దేశపూర్వకంగా మార్చడం గురించి నేరుగా ఏమీ చెప్పలేదు.

3. 1976 నాటి వైరుధ్యం:
ఈ చర్చలో 1976 కీలకమైన సంవత్సరం. ఆ ఏడాది నాసా వారి వైకింగ్ నౌకలు అంగారకుడిపై దిగాయి. భూమిపైని సూక్ష్మజీవులు అక్కడికి చేరకూడదని, ప్రయోగానికి ముందు ఆ ల్యాండర్లను 100 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో గంటల తరబడి ఉంచి శుద్ధి చేశారు. అదే ఏడాది అదే సంస్థ ప్రచురించిన ఒక అధ్యయనం, భూమిపైని జీవులను అంగారకుడికి పంపి ఆవాసయోగ్యత కల్పించడంలోని సాధ్యాసాధ్యాలను చర్చించింది. దాటరాని మౌలిక అవరోధమేదీ కనిపించలేదని, కానీ వేల సంవత్సరాలు పట్టవచ్చని తేల్చింది. ఒక చేయి సూక్ష్మజీవిని తుడిచివేస్తుండగా మరొక చేయి దానిని నాటే మార్గం వెదికింది. జీవాన్వేషణ జరిపిన వైకింగ్ ప్రయోగాల ఫలితాలు అందరూ అంగీకరించే నిర్ధారణ ఇవ్వలేదు. అందువల్ల అసలు ప్రశ్న తెరిచే ఉండిపోయింది.

4. హక్కుల ప్రశ్న:
1980లో 'కాస్మోస్' గ్రంథంలో సేగన్, అంగారకుడిపై సూక్ష్మజీవులే ఉన్నా ఆ గ్రహం వాటిదేనన్నాడు. శుక్రుడిపై శైవలాలు చల్లమన్న కలమే ఈ మాట రాయడం గమనార్హం. 1990లో క్రిస్టఫర్ మెక్కే మరొక అడుగు వేశాడు. అక్కడ జీవముంటే, దాని వికాసానికి తోడ్పడేలా గ్రహాన్ని మార్చడం కూడా నైతికమే కావచ్చునని వాదించాడు. జీవమే లేకపోతే? 1986లో హోమ్స్ రోల్‌స్టన్, నిర్జీవ ప్రకృతి నిర్మాణాలకూ స్వతస్సిద్ధమైన విలువ ఉందన్నాడు. 1999లో రాబర్ట్ స్పారో దృష్టిని గ్రహం నుండి మనిషి వైపు తిప్పి, ఇటువంటి ప్రయత్నం సౌందర్య స్పృహ లేమినీ అహంకారాన్నీ బయటపెడుతుందని విమర్శించాడు.

5. 'ఖాళీ నేల' భావన:
రాబర్ట్ జుబ్రిన్ వంటి సమర్థకులు అంగారకుడిని కొత్త సరిహద్దుగా చూశారు. దీనికి ఆధారం 1893లో ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ ప్రతిపాదించిన అమెరికా సరిహద్దు సిద్ధాంతం. టర్నర్ స్వేచ్ఛగా లభించే నేల అని పేర్కొన్నది నిజానికి ఆదివాసీ జాతుల నేల. అంగారకుడిపై మనుషులు లేరు కనుక ఆ అన్యాయం పునరావృతం కాదన్న సమాధానం ఉంది. అది కొంతవరకు నిజమే. కానీ నేల ఖాళీగా ఉందని నిర్ణయించే అధికారం దానిని కోరుకునేవారి చేతిలోనే ఉండడం రెండు సందర్భాలలోనూ సమానం.

ఈ విషయం తెలుగువారికి దూరమైనది కాదు. 2013 నవంబరు 5న మంగళయాన్ బయలుదేరిన శ్రీహరికోట కూడా జనశూన్య ద్వీపం కాదు. అక్కడ యానాదులు నివసించేవారు. ప్రయోగకేంద్రం కోసం వారు తరలవలసి వచ్చింది.

6. ముగింపు:
అంగారకుడిపై అందుబాటులో ఉన్న బొగ్గుపులుసు వాయువు, నేటి సాంకేతికతతో ఆ గ్రహాన్ని తగినంత వేడెక్కించడానికి చాలదని 2018లో బ్రూస్ జాకోస్కీ, క్రిస్టఫర్ ఎడ్వర్డ్స్ తేల్చారు. దీనితో నైతిక చర్చకు పని లేకుండా పోయిందనుకోవడం పొరపాటు. కొద్ది చోట్ల వెదికి జీవం దొరకలేదని చెప్పగలం కానీ, అసలు లేదని చెప్పలేం. ఒకసారి భూమిపైని జీవులు అక్కడ వ్యాపిస్తే, స్థానిక జీవాన్ని గుర్తించడం కూడా కష్టమవుతుంది. కనుక నిరూపణ భారం మార్చదలచినవారిపైనే ఉండాలి. సామర్థ్యం చేతికందని ఈ వ్యవధిలోనే, స్వప్రయోజనాల ఒత్తిడి లేకుండా ఆ నియమాన్ని ఏర్పరచుకోగలం. అధికారం చేతికి వచ్చాక రాసుకున్న నీతి ఎవరికి అనుకూలిస్తుందో చరిత్ర ఇదివరకే చూపింది.