అశోక్‌నగర్ పరీక్షార్థికి బౌద్ధ ధ్యానం ఏమివ్వగలదు?

‘రోజూ కాసేపు ధ్యానం చెయ్యి, ఏకాగ్రత కుదురుతుంది’ అనే సలహా హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉంటూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే గ్రూప్స్ అభ్యర్థులకు కొత్త కాదు. దోమలగూడ రామకృష్ణ మఠంలో 2000లో మొదలైన వివేకానంద ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హ్యూమన్ ఎక్సలెన్స్ ధ్యానం, యోగా తరగతులు నడుపుతోంది. అది వేదాంత సంప్రదాయం. ఈ వ్యాసం బౌద్ధ ధ్యానానికే పరిమితం. ఇటీవలి వైద్య పరిశోధన ఎక్కువగా పరిశీలించింది అందులోంచి వచ్చిన పద్ధతులనే. ఆ ఆధారాలన్నీ చూశాక నాకు తోచేది ఇది: ధ్యానం ఆందోళనను కొంత తగ్గిస్తుందని నమ్మవచ్చు, ర్యాంకు తెస్తుందని మాత్రం చెప్పలేం. అసలు ఈ సాధన పుట్టింది ర్యాంకు కోసమూ కాదు.

ఈ సాధన నేర్పే చోటు నగరంలోనే ఉంది. వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్త విపశ్యనా కేంద్రం 1976 నాటిది. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో అక్కడ పది రోజుల శిబిరాలు జరుగుతాయి. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. చేరగానే ఫోను అప్పగించాలి. మాట్లాడకూడదు, చదవకూడదు, రాయకూడదు. రోజుకు పది గంటలకు పైగా చదవడం అలవాటైన అభ్యర్థికి ఈ చివరి రెండు నియమాలే కష్టమనిపించవచ్చు. మొదట శిష్యులు పంచశీలాలు, అంటే ఐదు నైతిక నియమాలు, స్వీకరిస్తారు. మూడున్నర రోజులు ముక్కు దగ్గర శ్వాస రాకపోకలను గమనిస్తారు. నాలుగో రోజు నుంచి ఒళ్లంతా కలిగే వేదనలను, అంటే సుఖమో దుఃఖమో రెండూ కానిదో, ప్రతిస్పందించకుండా చూడటం నేర్పుతారు. ఫీజు లేదు. శిబిరం పూర్తిచేసినవాళ్లు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది.

వేదన మీద అంత పట్టు ఎందుకు? బౌద్ధం చెప్పే కార్యకారణ క్రమంలో వేదన నుంచి తృష్ణ, తృష్ణ నుంచి పట్టుకోవడం పుడతాయి. ఫలితాల తేదీ మారిందన్న పుకారు వాట్సాప్ గ్రూపులో కనబడగానే ఛాతీ బిగుసుకుంటుంది. మరుక్షణం వేలు మళ్లీ ఫోను మీదికి పోతుంది. ఆ బిగువుకూ ఆ వేలు కదలికకూ మధ్య కాస్త ఎడం తెచ్చుకోవడమే సాధన తొలిమెట్టు. దాని గమ్యం తృష్ణ నుంచి విముక్తి. ప్రయోగశాలలో కొలిచేది దారిలో దొరికే ఫలితాలనే.

ఆ ఫలితాల్లో ఏవి నిలుస్తాయి? 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఎరుకతో గమనించే ధ్యానం) కోర్సు ఈ పరిశోధనకు ఊపిచ్చింది. 2014లో మాధవ్ గోయల్ బృందం 3,515 మంది పాల్గొన్న 47 ప్రయోగాలను సమీక్షించింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి తగ్గుతాయనడానికి మధ్యస్థ స్థాయి ఆధారం కనిపించింది. ఏకాగ్రత, నిద్ర విషయంలో ఆధారం బలహీనంగా ఉంది, లేదా లేదు. వ్యాయామం, మందులు వంటి చికిత్సల కంటే ధ్యానం మెరుగని కూడా తేలలేదు.

మన విషయానికి మరీ దగ్గరిది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం ప్రయోగం. 2018లో వెలువడింది. 616 మంది విద్యార్థుల్లో సగం మందికి ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు చెప్పారు. పరీక్షల వేళకు మానసిక ఒత్తిడి వైద్యపరమైన హద్దు దాటినవాళ్లు కోర్సు తీసుకున్నవారిలో 37 శాతం, తీసుకోనివారిలో 57 శాతం. చిన్న తేడా కాదు. అయితే రెండో వర్గానికి దక్కింది మామూలు విద్యార్థి సేవలే. దాంతో ఆ మేలులో ధ్యానం వాటా ఎంత, వారం వారం నలుగురితో కలిసి కూర్చోవడం వాటా ఎంత అన్నది విడదీయలేం. పైగా 2022లో వెలువడిన బ్రిటన్ బడుల ప్రయోగంలో, 8,000 మందికి పైగా పిల్లల్లో ఒక వర్గానికి తరగతి గదిలో ఇలాంటి పాఠాలు చెబితే మామూలు బోధన కంటే మేలేమీ కనబడలేదు.

హాని మాటా చెప్పాలి. 2020 నాటి ఒక సమీక్ష 83 అధ్యయనాలను కలిపి చూసి, సుమారు 8 శాతం మందిలో ఆందోళన, కుంగుబాటు వంటి ప్రతికూల అనుభవాలను లెక్కించింది. అందుకే తీవ్ర మానసిక రుగ్మత ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా పది రోజుల మౌన శిబిరానికి వెళ్లకూడదు. బతుకు మీద విరక్తి కలుగుతున్నవాళ్లు ముందు చేయాల్సింది టెలీ మానస్ 14416కు ఫోను.

అయితే అశోక్‌నగర్ అభ్యర్థుల ఆందోళనంతా మనసులోంచే పుట్టింది కాదు. 2022 అక్టోబర్ 16న జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. కొత్త నోటిఫికేషన్‌తో 2024 జూన్ 9న ఇంకోసారి రాశారు. ఆ ఏళ్లలో కరిగిపోయిన హాస్టల్ అద్దెలకూ దాటిపోయిన వయసుకూ శ్వాస మీద ధ్యాస జవాబు కాదు. ‘ధ్యానం చేసుకోండి’ అని చెప్పి ఆ నష్టాల బాధ్యతను అభ్యర్థి మీదికి నెట్టడం అన్యాయం.

ధ్యానం ఈ అభ్యర్థులకు ఎంత మేలు చేస్తుందో తేల్చడానికి ఇక్కడ జరగాల్సిన ప్రయోగం కష్టమైనదేమీ కాదు. నోటిఫికేషన్‌కూ పరీక్షకూ మధ్య ఇష్టపడి వచ్చిన అభ్యర్థులను చీటీలు తీసి రెండు జట్లు చేయాలి. ఒక జట్టు రోజూ అరగంట శ్వాసను గమనించాలి, రెండో జట్టు అదే అరగంట ఇందిరా పార్కులో కలిసి నడవాలి. నిద్ర, ఆందోళన, చదివింది గుర్తుండటం రెండు జట్లలోనూ ఒకే కొలతతో కొలవాలి. మధ్యలో మానేసినవాళ్ల లెక్క కూడా దాచకుండా ప్రచురించాలి.