వరస అనే పేరు

కంప్యూటర్ చరిత్ర చదువుతూ బార్బరా లిస్కోవ్ దగ్గర ఆగిపోయాను. 1974లో స్టీఫెన్ జిల్లెస్‌తో కలిసి రాసిన పత్రంలో ఆమె, డేటాను లోపలి అమరికతో కాక దానిపై చేయగల పనులతో నిర్వచించారు. 1987 ప్రసంగంలో మరో అడుగు వేశారు. క్యూకీ, స్టాక్‌కీ ‘చేర్చు’, ‘తీయి’ రెండూ ఉండొచ్చు. అయినా ఒకదాని చోట మరొకటి పెట్టలేం. క్యూలో ముందొచ్చింది ముందు బయటికెళ్తుంది, స్టాక్‌లో చివరొచ్చింది. అందుకే ‘చివర చేర్చు’, ‘ముందునుంచి తీయి’ అని పేరే వరసను చెబితే వాడేవాళ్లు మోసపోరు.

మా ఇంట్లో అందరికంటే ముందు లేచే అమ్మ అందరి తర్వాత తినేది. దాన్నీ ‘వరస’ అనే అనేవాళ్లం. లిస్కోవ్‌కి 2008 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పేరు చాటున జరిగేదాన్ని అడగడం నాకు ఆమె దగ్గరే అబ్బింది.