మైకు పొట్ట విప్పితే

1920లలో బెర్లిన్ రేడియో వక్తల ముందు నిలబెట్టిన రైస్ మైకు విప్పితే కనిపించేది పాలరాతి దిమ్మ. అందులో తొలిచిన పల్లం నిండా బొగ్గుపొడి, దాని మీద పల్చటి పొర. గొంతు తాకిడికి పొర అదిరి పొడి నొక్కుకుంటుంది, వదులవుతుంది. ఆ వరసనే పొడిలోంచి పారే కరెంటు పెరుగుతుంది, తగ్గుతుంది. మాట వినిపించేది, దాంతోపాటు బొగ్గు రేణువుల గరగర కూడా. ఆ మైకు యూజెన్ రైస్ పేరు మీద చలామణీ అయింది. దాని రూపకల్పనలో చెయ్యి వేసిన కుర్ర ఇంజనీరు గియోర్గ్ న్యూమన్. ఈరోజు స్టూడియో మైకు లోపల మనం ఫోటో తీసే వస్తువుల్లో చాలావాటి వెనక ఆయన నీడ ఎంతో కొంత ఉంటుంది.

బొగ్గు లేకుండా మైకు చెయ్యవచ్చని అప్పటికే తేలింది. 1916లో అమెరికాలో, వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇ.సి. వెంటె కండెన్సర్ మైకు తయారుచేశాడు. బిగించిన పల్చటి లోహపు పొర ఒకటి, దాని వెనక కదలని పలక ఒకటి, రెండిటి మధ్య కంటికి ఆనని సందు. వాటికి విద్యుత్తు ఎక్కించి వదిలితే, పొర అదిరిన కొద్దీ సందు మారి వోల్టేజి మారుతుంది. సూత్రం ఇంతే. చిక్కల్లా ఆ సంకేతం మరీ బలహీనం కావడం. నాలుగు గజాల వైరు దాటేలోపే అది ఇంకిపోతుంది. కాబట్టి దాన్ని బలపరిచే వాల్వు పొర వెనకనే, అదే గొట్టంలో కూర్చోవాలి. స్టూడియో మైకు పొట్టలో ఇంత సామాను ఉండడానికి అసలు కారణం ఇదే.

1928లో న్యూమన్ బెర్లిన్‌లో సొంత కంపెనీ పెట్టి సి.ఎం.వి. 3 అనే మైకు విడుదల చేశాడు. దాని ఆకారం చూసి జనం సీసా అన్నారు. నలభై సెంటీమీటర్ల పొడవు, మూడు కిలోల దరిదాపు బరువు. 1930ల నాటి జర్మన్ రాజకీయ సభల ఫోటోల్లో వేదిక మీద నిటారుగా నిలబడి ఉండేది ఇదే. దాని కింది భాగం తెరిస్తే లోపల రేడియో వాల్వు. తరవాతి నమూనాల్లో పైన మార్చుకోవడానికి వీలైన తలకాయలు, అంటే కాప్స్యూళ్లు వచ్చాయి. వాటిలో ఎం 7 అనే కాప్స్యూల్ దగ్గర కాస్త ఆగాలి, మైకుల వంశవృక్షంలో అది పెద్ద కొమ్మ.

1930ల నడుమ ఫోన్ బ్రౌన్‌మ్యూల్, వెబర్ అనే ఇద్దరు జర్మన్ ఇంజనీర్లు ఒక ఇత్తడి బిళ్లకు రెండు వైపులా పొర బిగించి, బిళ్లలో కొన్ని రంధ్రాలు అటునుంచి ఇటు, మరికొన్ని సగం లోతు వరకే తొలిచారు. ఆ రంధ్రాల్లో చిక్కుకున్న గాలే, వెనకనుంచి వచ్చే చప్పుడును అణిచి ముందునుంచి వచ్చే గొంతును నిలబెడుతుంది. అంటే ఈ మైకుకు దిక్కు తెలుస్తుంది. ఎం 7 ఆ పద్ధతినే అందుకుంది. దాని పొర పీవీసీ, పైన నామమాత్రపు బంగారు పూత. పక్కనుంచి బలమైన వెలుతురు వేసి దగ్గరి లెన్సుతో ఫోటో తీస్తే, బంగారం వెనకనుంచి రంధ్రాల వరసలు లీలగా కనిపిస్తాయి. మైకు ఫోటోల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. శబ్దాన్ని ఏ దిక్కునుంచి తీసుకోవాలో నిర్ణయించే గణితమంతా ఆ చుక్కల్లో ఉంది.

1943 నవంబరులో బాంబుదాడుల వల్ల బెర్లిన్ ఫ్యాక్టరీ కాలిపోయింది. కంపెనీ థురింగియాలోని గెఫెల్ అనే చిన్న ఊరికి తరలింది. యుద్ధం ముగిశాక గెఫెల్ సోవియట్ భాగంలో పడింది. న్యూమన్ పడమటి బెర్లిన్‌కు తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టాడు. గెఫెల్‌లో మిగిలిన కార్ఖానా తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థగా మారింది. ఒకే ఎం 7 కాప్స్యూల్ సరిహద్దుకు రెండు పక్కలా తయారైంది. రెండు దేశాల మైకులు పక్కపక్కన పెట్టి జాలీలు తీస్తే అన్నదమ్ముల పోలిక తేటగా తెలుస్తుంది.

1949లో పడమటి బెర్లిన్‌నుంచి వచ్చింది యు 47. సినాట్రా, ఆ తరవాత బీటిల్స్ పాడిన మైకు. చాలావాటి మీద టెలిఫంకెన్ ముద్ర ఉంటుంది, ఎందుకంటే అమ్మింది వాళ్లు. లోపలి పని మాత్రం న్యూమన్‌ది. ఆ గొట్టం జార్చి చూస్తే పైన ఎం 7, కింద ఉక్కు డబ్బాలాంటి నల్లటి వాల్వు, వి.ఎఫ్. 14. మామూలుగా వాల్వు అంటే గాజు బుడ్డి అనుకుంటాం, ఇది లోహపు తొడుగులో ఉంటుంది. రేడియో సెట్ల కోసం టెలిఫంకెన్ చేసిన వాల్వు ఇది. దీని హీటరుకు లెక్క ప్రకారం 55 వోల్టులు కావాలి, న్యూమన్ మనుషులు సుమారు 36 వోల్టులే ఇచ్చారు. తక్కువ వేడిలో రొద తగ్గుతుందని. మైకుకు వచ్చే కరెంటు ఒకటే, 105 వోల్టులది. మిగిలిన 70 వోల్టులను అరగించడానికి గొట్టంలోనే లావుపాటి తీగచుట్టు రెసిస్టర్ పెట్టారు. అది కాలుతూ ఉంటుంది. అందుకే యు 47 కాసేపు పనిచేశాక పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. అడుగున బి.వి. 8 అనే బరువైన ట్రాన్స్‌ఫార్మర్, గొట్టం అంత పొడవుగా ఉండడంలో దాని వాటా పెద్దది.

ఈ కూర్పంతా ఒక్క వాల్వు మీద ఆధారపడింది. 1950ల చివర టెలిఫంకెన్ వి.ఎఫ్. 14 తయారీ ఆపేసింది. ఉన్న నిల్వలతో 1965 వరకు యు 47 నడిచింది. పీవీసీ పొరలు కూడా ఏళ్లు గడిచేకొద్దీ ఎండి బిరుసెక్కి పగిలేవి. ఈ రెండు కష్టాలకూ జవాబుగా 1960లో యు 67 వచ్చింది. లోపల ఇ.ఎఫ్. 86 అనే గాజు వాల్వు, కొత్త కె 67 కాప్స్యూల్. దీని పొర జిగురుతో అంటించింది కాదు. పాలిస్టర్ పొరను డప్పుకు చర్మం బిగించినట్టు లాగి, చుట్టూ ఇత్తడి వలయం వేసి మరలు బిగించారు. ఫోటోలో అంచున వలయాకారంగా మరలు కనిపిస్తే కె 67 లాంటి మరల తరహా అనీ, నున్నటి అంచు ఉంటే ఎం 7 తరహా అనీ చాలావరకు పోల్చుకోవచ్చు.

వాల్వుల రోజులు 1960ల నడుమ ముగిశాయి. 1966లో నార్వే ప్రభుత్వ రేడియోకు ట్రాన్సిస్టర్ మైకులు కావలసివచ్చాయి. చీకటి ఎక్కువైన ఆ దేశంలో స్టూడియోల అత్యవసర దీపాలకు అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. మైకులకూ దాన్నే, ఆడియో వైర్లగుండానే పంపించారు. ఈనాడు చాలా ఆడియో మిక్సర్ల మీద కనిపించే 48 వోల్టుల బటన్ అక్కడ పుట్టింది. మరుసటి ఏడు యు 87 వచ్చింది. అది విప్పితే లోపల బోలెడు ఖాళీ కనబడుతుంది. చిన్న సర్క్యూట్ పలక, ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు లేనిచోట వాడుకోవడానికి బ్యాటరీల స్థలం. 1986లో యు 87 ఎ.ఐ. వచ్చేనాటికి ఆ బ్యాటరీల చోటు కూడా పోయింది.

ఇక్కడినుంచి కథ మన ఇళ్లదాకా వస్తుంది. కె 67 కాప్స్యూల్ సహజంగానే హెచ్చు స్థాయిలను ఎత్తి చూపుతుంది. యు 67లోనూ యు 87లోనూ సర్క్యూట్ ఆ ఎత్తును వెనక్కి దించుతుంది, కాప్స్యూల్‌కూ సర్క్యూట్‌కూ పొత్తు కుదిరేలా రెండిటినీ కలిపే చేశారు. 1990ల తరవాత చైనాలో తయారైన చవక మైకుల్లో అనేకం కె 67 నకలు కాప్స్యూల్ పెట్టి, సర్దుబాటు లేని వేరే సర్క్యూట్ జోడించాయి. ఆ పొత్తు తెగడం వల్లనే "స" "ష" అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ఇంట్లో కవర్ సాంగ్ పాడి ఛానల్‌లో పెట్టే మన పిల్లలు గొంతు బాగాలేదని బెంగపడుతుంటారు. చాలాసార్లు తప్పు గొంతుది కాదు, ఆ రెండు భాగాల అతకనితనానిది. పేర్లు వేరువేరుగా ఉన్న రెండు మూడు మైకులు విప్పి ఫోటోలు పక్కన పెడితే, ఒకే పలక ఒకే కాప్స్యూల్ కనిపించిన సందర్భాలు కొల్లలు. వేదికల మీద పాటగాళ్లు చేత్తో పట్టుకునే ష్యూర్ ఎస్.ఎం. 58 మైకుకు నకిలీలు ఊరూరా దొరుకుతాయి. అసలుదానిలో పిడి లోపల ట్రాన్స్‌ఫార్మర్ అతికించి ఉంటుంది, చాలా నకిలీల్లో అది ఉండదు. లోపలి ఫోటోలు పదిమందికీ అందుబాటులో ఉండడం కొనేవాడికి రక్షణ అని నేను గట్టిగా నమ్ముతాను.

విప్పడానికి ఓర్పు కావాలి. ముందు కరెంటు తీసి కొంతసేపు వదిలేయాలి, వాల్వు మైకుల పవర్ సప్లైలో ఛార్జి నిలిచి ఉంటుంది. యు 87కైతే అడుగున ఉన్న వలయం తిప్పితే గొట్టం జారుతుంది. సోల్డర్ ముట్టుకునే ముందే ఫోటో తీయాలి, ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో తరవాత ఎవరికీ గుర్తుండదు. కాప్స్యూల్‌ను నోటితో ఊదకూడదు, ఉమ్మి తుంపర పొర మీద పడితే విద్యుత్తు కారిపోయి చిటపటలు మొదలవుతాయి. కాప్స్యూల్‌నుంచి వాల్వుకు పోయే తీగ, దాని పక్కనుండే భారీ విలువ రెసిస్టర్ల మీద వేలిముద్ర కూడా పడకూడదు, చెమటలోని ఉప్పు చాలు. పొర బదులు సన్నటి రేకు అదిరే రిబ్బన్ మైకు అయితే మరీ జాగ్రత్త. అందులో అల్యూమినియం రేకు రెండు మూడు మైక్రాన్ల మందం మాత్రమే, పక్కనున్న అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను లాగేస్తే అది చిరిగిపోతుంది.

పాత యు 47లలో వి.ఎఫ్. 14 మాడిపోతే చాలాచోట్ల దాని స్థానంలో నువిస్టర్ అనే బుల్లి లోహపు వాల్వు అమర్చారు, దానికి తగ్గట్టు రెసిస్టర్లు మార్చారు. ఇంకొన్నిటిలో పగిలిన ఎం 7 తీసేసి పాలిస్టర్ పొర ఉన్న కె 47 కాప్స్యూల్ పెట్టారు. బయటి ముద్ర, సీరియల్ నంబరు యథాతథంగా ఉంటాయి. కొనేవాళ్లు అందుకే గొట్టం తీయించి లోపలి ఫోటో అడుగుతారు. గెఫెల్ ఊళ్లో ఇప్పటికీ మైక్రోటెక్ గెఫెల్ సంస్థ పీవీసీ పొరతోనే ఎం 7 కాప్స్యూళ్లు చేస్తోంది. పాత మైకుకు పాత రకం పొరే కావాలనుకునే వాళ్లకు దారి అక్కడుంది.