పది షిల్లింగుల బాకీ

ఐర్లండ్ యూరప్‌లోనే ఉంది, యూరో నోట్లే వాడుతుంది, కానీ షెంజెన్ వీసా అక్కడ చెల్లదు. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఒక వీసా, డబ్లిన్‌కి ఇంకోటి. రెండు దరఖాస్తులు, రెండు ఫీజులు, రెండుసార్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు. మా ఇద్దరికీ కలిసి దొరికింది తొమ్మిది రోజుల సెలవు, ఒక్క వీసాకి సరిపడా ఓపిక. నాది పుంగనూరు, మా ఆవిడది కుప్పం, ఉద్యోగాలు బెంగళూరులో. ఈ రెండు నగరాల్లో ఏదో తేల్చుకోలేకపోవడానికి కారణం మాత్రం మా పుంగనూరు పక్కనున్న మదనపల్లె.

ముందు ఆమ్‌స్టర్‌డామ్ సంగతి. అక్కడ మాకు కావలసింది కాలువలూ, వాన్‌గో మ్యూజియమూ కాదు. అక్కడినుంచి రైలెక్కి, జ్వొల్లలో ఇంకో రైలు మారితే ఒమ్మెన్ అనే చిన్న ఊరొస్తుంది. జిడ్డు కృష్ణమూర్తి కథ మలుపు తిరిగింది ఆ ఊళ్ళో.

కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి. రిటైరయ్యాక 1909లో పిల్లల్ని తీసుకుని అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. ఆ ఏడాదే లెడ్‌బీటర్ కంట్లో పడ్డాడు కుర్రవాడు. రాబోయే జగద్గురువుకి వాహనం ఇతనే అన్నారు. 1911లో అనీబిసెంట్ అతన్నీ, తమ్ముడు నిత్యానందాన్నీ ఇంగ్లండ్ తీసుకెళ్ళింది. పిల్లల కోసం తండ్రి కోర్టుకెక్కాడు. మద్రాసు హైకోర్టులో గెలిచి, 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. జగద్గురువుని ఆక్స్‌ఫర్డ్ చేర్చుకోలేదు. లండన్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష మళ్ళీ మళ్ళీ తప్పాడు. బ్యాక్‌లాగులతో ఇంజనీరింగ్ గట్టెక్కిన మా బ్యాచ్‌కి ఈ ముక్క చెప్తే ప్రాణం లేచొస్తుంది.

లండన్, పారిస్, ఒమ్మెన్ – చాలాకాలం ఆయన ఎక్కడ ఉండాలో, ఏం చదవాలో ఇతరులే నిర్ణయించారు. 1929 ఆగస్టు 3న, ఒమ్మెన్ శిబిరంలో సుమారు మూడు వేలమంది ముందు నిలబడి, తన కోసం కట్టిన సంస్థనే రద్దు చేశాడు. సత్యానికి దారంటూ ఉండదనీ, సంస్థలు ఎవర్నీ అక్కడికి చేర్చలేవనీ చెప్పాడు. భక్తులిచ్చిన కోటా, భూములూ తిరిగిచ్చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ వచ్చాక అదే శిబిరం స్థలాన్ని ఎరికా అనే పేరుతో ఖైదీల శిబిరంగా మార్చారు. ఒక మనిషి తనను కట్టేసిన గొలుసు తెంపుకున్న చోట, పదమూడేళ్ళకి ఇంకెందరినో బంధించారు. చూడదగ్గ చోటే. పైగా ‘మనవాడు’ అనే గర్వం ఒకటి.

ఇప్పుడు డబ్లిన్. ‘యులిసెస్’ చదివినవాళ్ళకి రెండో అధ్యాయంలో స్టీఫెన్ అప్పుల చిట్టా గుర్తుండే ఉంటుంది. అందులో కజిన్స్ అనే పేరుంది, దాని ఎదురుగా పది షిల్లింగులు. కల్పన కాదు, జేమ్స్ కజిన్స్ అనే కవి నిజంగానే ఉండేవాడు. 1904లో జాయిస్‌కి తలదాచుకునే చోటు లేనప్పుడు కజిన్స్ దంపతులు కొద్ది రోజులు ఇంట్లో పెట్టుకున్నారు. వాళ్ళది శాకాహారం. జాయిస్‌కి ఆ తిండి పడలేదు, వెళ్ళిపోయాడు. తర్వాత 1912లో ఒక వ్యంగ్య కవితలో కజిన్స్‌ని వెక్కిరించాడు కూడా.

భార్య మార్గరెట్ అంతకంటే గట్టి మనిషి. సంగీతంలో పట్టభద్రురాలు. 1908లో హానా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి ఐరిష్ స్త్రీల ఓటుహక్కు సంఘం పెట్టింది. లండన్‌లో ఒకసారి, 1913లో డబ్లిన్ కోట కిటికీల మీద రాళ్ళేసి ఇంకోసారి జైలుకెళ్ళింది, నిరాహారదీక్ష చేసింది.

1915లో ఇద్దరూ ఇండియా వచ్చారు. జేమ్స్ బిసెంట్ పత్రిక ‘న్యూ ఇండియా’లో చేరాడు. 1916లో డబ్లిన్ ఈస్టర్ తిరుగుబాటుని మెచ్చుకుంటూ రాస్తే ఆ ఉద్యోగం పోయింది. బిసెంటే ఆయన్ని మదనపల్లె కాలేజీకి పంపింది. డబ్లిన్‌లో పేలిన తుపాకుల దెబ్బకి మదనపల్లెకి ఇంగ్లీషు మాస్టారు దొరికాడన్నమాట.

1919 ఫిబ్రవరిలో టాగూర్ వాళ్ళ అతిథిగా మదనపల్లె వచ్చాడు. కాలేజీలో జనగణమన పాడాడు, అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్. ఈ కథలో ఆమెకి మనం సాధారణంగా ఇచ్చేది ఆ ఒక్క వాక్యమే. కానీ 1917లో భారతీయ స్త్రీలకి ఓటు కావాలని మంత్రి మాంటేగు దగ్గరికి ప్రతినిధి బృందం వెళ్ళడం వెనక ఆమె పూనిక ఉంది. ఆస్తి అర్హతల మెలికతోనైనా, 1921లో మద్రాసు శాసనమండలి ఆ ఓటుకి ఒప్పుకుంది. ఓటేయడానికి కుప్పం బస్సెక్కే ప్రతిసారీ ఈ సంగతి మా ఆవిడకి చెప్పాలనిపిస్తుంది. చెప్తాను కూడా.

తన నిర్ణయానికి ఆవిడ ఇచ్చిన కారణం ఒకటే: “ఇంటికొచ్చి మంచి చేసి పోయినోళ్ళ ఊరు ఒకసారన్నా చూసి రావద్దా?”

పోయినోళ్ళు అనడం కూడా సగమే నిజం. జేమ్స్ కజిన్స్ 1956లో మదనపల్లెలోనే చనిపోయాడు. మదనపల్లెలో పుట్టిన కృష్ణమూర్తి 1986లో కాలిఫోర్నియాలోని ఓహైలో పోయాడు. మనవాడు ఎక్కడెక్కడికి వెళ్ళాడో మాకు కంఠతా వచ్చు. మా దగ్గరికి ఎవరెవరు వచ్చారో అంతగా రాదు. చిన్న ఊళ్ళకి ఇదో అలవాటు: పైకెళ్ళినవాళ్ళ లెక్క రాసుకుంటాం, వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళ లెక్క రాసుకోం.

ఒమ్మెన్ విషయంలో ఇంకో చిక్కుంది. నన్ను అనుసరించొద్దన్న మనిషి అడుగుజాడలు వెతుక్కుంటూ వీసా తీసుకుని వెళ్ళడం ఆయన మాటకే ఎదురు. కృష్ణమూర్తి కావాలనుకుంటే రిషి వ్యాలీ మదనపల్లె దగ్గరే ఉంది, పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. డబ్లిన్‌కి అలాంటి అభ్యంతరం లేదు. అక్కడ మొక్కాల్సింది ఏమీ లేదు. రాళ్ళు పడిన కోట ఉంది, బయటనుంచి దాని కిటికీలు చూడొచ్చు.

స్టీఫెన్ ఆ పది షిల్లింగులు తీర్చినట్టు నవలలో ఎక్కడా లేదు. మదనపల్లె పద్దు అంతకంటే పెద్దది: ఒక పాటకి స్వరలిపి, ఒక ఓటు, ఒక మాస్టారి జీవితం. తొమ్మిది రోజుల్లో తీరేది కాదు. అయినా డబ్లిన్ వీసాకే దరఖాస్తు పెట్టాం. బాకీ ఉన్నట్టు ఒప్పుకోడానికైతే ఆ తొమ్మిది రోజులు చాలు.