క్యూ వెంట యు లేని మాటలు

ఆంగ్లము నేర్చుకొను బాలురకు ఉపాధ్యాయులు తొలి దినములలోనే చెప్పు సూత్రమొకటి కలదు. క్యూ అను అక్షరము ఎక్కడ వచ్చినను దాని వెంట యు అను అక్షరము నీడవలె రావలెను. క్వీన్, క్వార్టర్, క్వశ్చన్ మొదలగునవన్నియు ఇట్టివే. అయినను పెద్ద నిఘంటువులు తిరుగవేయువారికి ఈ సూత్రమునకు లొంగని మాటలు కొన్ని తారసపడును. కాదీ అనగా న్యాయాధికారి, కనాత్ అనగా భూగర్భమున త్రవ్విన నీటికాలువ, వక్ఫ్ అనగా ధర్మకార్యమునకు విడిచిన ఆస్తి. ఫకీర్, తలాక్, బుర్కా కూడ ఈ వర్గములోనివే. పదబంధ ప్రహేళికలు పూరించువారు వీనిని పెన్నిధులవలె దాచుకొందురు. ఆంగ్లేయునకు వింతగా తోచు ఈ మాటలలో పెక్కింటిని ఆదోని బజారులో చదువురాని వారు సైతము నిత్యము పలుకుచునే యున్నారు.

ఈ అక్షరము పుట్టుక ఫినీషియనుల లిపిలో నున్నది. కొండనాలుక దాపున, గొంతు లోతునుండి పలుకవలసిన కకారమునకు వారది గుర్తుగా నుంచిరి. అది పడమటికి పోగా గ్రీకులు కొంతకాలము వాడి విడిచి, తొంబది అను సంఖ్యకు మాత్రము నిలుపుకొనిరి. రోమనులు దానికి ఉకారమును జతచేసిరి. ఇంగ్లాండున ఆ జంట స్థిరపడినది 1066 నాటి నార్మనుల విజయము తరువాతనే. తూర్పునకు వచ్చిన శాఖ అరబ్బుల లిపిలో తన పూర్వపు ధ్వనితోనే నిలిచినది. వారికి మామూలు కకార మింకొకటి వేరుగా కలదు. ఆ రెండక్షరముల పేర్లను మన లిపిలో వ్రాసితిమా, రెండును కాఫ్ అనియే యుండును! అసలు చిక్కంతయు ఇందే యున్నది.

ఆ చిక్కు ఆదోనికి వచ్చిన వైనము చరిత్రలో స్పష్టముగా నున్నది. 1565లో విజయనగరము పతనమైన పిమ్మట కొలది యేండ్లకే ఆదోని దుర్గము బిజాపురపు ఆదిల్ షాహీల వశమాయెను. అక్కడి జామా మసీదు బిజాపురపు అధికారి సిద్ది మసూదు కట్టించినది. 1688లో మొగలుల సేన కోటను పట్టుకొనెను. తరువాత నిజాము సోదరుడగు బసాలత్ జంగు దీనిని జాగీరుగా ఏలెను. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి గెలిచెను. 1800లో దత్తమండలములతో పాటు ఆదోని ఆంగ్ల కుంపిణీ చేతికి వచ్చెను. దొరలు మారినను కచ్చేరీ మాటలు మారలేదు. హక్కు, బాకీ, కిస్తు, ఖరారు, ఖైదు, ఖాయము, నకలు, వాకబు, కసబా, కౌలు — ఈ మాటలన్నిటిలోను ఆ గొంతు కకారమే యున్నది. దానికి మన లిపిలో అక్షరము లేనందున లేఖకుడు ఒకచోట క వ్రాసెను, మరొకచోట ఖ వ్రాసెను.

ఏ మాటకు క, ఏ మాటకు ఖ అను నియమము కలదా? దక్కను ముస్లిములు ఆ ధ్వనిని ఖకారమునకు దగ్గరగా పలుకుట అందరెరిగినదే. కలమును వారు ఖలమందురు. ఖైదు, ఖాజీ, బురఖా మొదలగునవి వారి నోటినుండి విని వ్రాసినవనియు, కలము, కిస్తు, కౌలు వంటివి మరాఠీ కన్నడ లెక్కల దఫ్తరముల మీదుగా వచ్చినవనియు మాకు తోచుచున్నది. 1953 అక్టోబరు 1వ తేదీ వరకు ఆదోని బళ్ళారి జిల్లాలోనే యుండెనని మరువరాదు. అయినను అన్ని మాటలును ఈ లెక్కకు ఒదుగునని మేమనజాలము.

ఆదోని పత్తికి పెట్టినది పేరు. అక్కడి మార్కెట్టులో ఒక వ్యాపారి “కాటన్ క్వింటాలు ధర ఖరారైనది” అనెననుకొందము. ఆ వాక్యమున మూడు చోట్ల ఆ ఒక్క అక్షరమే దాగియున్నది. కాటన్ అనునది అరబ్బీ కుత్న్. ఐరోపా చేరగానే క్యూకు రావలసిన చోటును సి ఆక్రమించుకొన్నది. క్వింటాలు అరబ్బీ కింతార్. లాటిను మీదుగా పోయినందున దానికి యు అంటుకొన్నది. ఖరారు నేరుగా మన యొద్దకు వచ్చి ఖకార మైనది. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన ఎమ్మిగనూరు నేతపనివారల సహకార సంఘము బట్టను కాటన్ అని కొన్నవారు ఆ అరబ్బీ మాటనే కొనిరి.

కుంపిణీ వారును ఈ మాటలను తోచినట్లే వ్రాసిరి. కౌలు అను మాటను వారు సి, ఓ, డబ్ల్యు అని మొదలుపెట్టుటచే అందొక ఆవు దూరినది! యు లేని క్యూను పండితులు తరువాత పట్టుపట్టి తెచ్చిరి. వక్ఫు చట్టమునందు కె అక్షరము పోయి క్యూ వచ్చినది 2013 సవరణతోనే.

పై మాటలలో మమ్ము మిక్కిలి నిలువరించునది కౌలు. అరబ్బీలో దాని అర్థము పలికిన మాట, ఇచ్చిన మాట. బీడుపడిన నేలను దున్నుటకు రైతు వచ్చినచో, తొలి యేండ్ల శిస్తు తగ్గించి క్రమముగా పెంచెదమని సర్కారు ఇచ్చు మాట కౌలు. ఆ మాట వ్రాసిన కాగితమును కౌలే. 1800 మొదలు 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నున్న తామస్ మన్రో కాలపు రైతునకు ఆ కాగితమే ఆధారము. రానురాను సర్కారు స్థానమున భూయజమాని వచ్చెను, కాగితము పోయెను, నోటిమాట మిగిలెను. కౌలు దాని మొదటి అర్థమునకే మరలినదన్నమాట. కాని పంట పోయిన నాడు పరిహారమునకు, బ్యాంకు అప్పునకు నోటిమాట చెల్లదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టము పదునొకండు నెలలకు పత్రమిచ్చును. అందుకు భూయజమాని సంతకము కావలెను.