ఓయూ 001

1990 ప్రాంతం. హైదరాబాద్, ఉస్మానియా విశ్వవిద్యాలయం బాటనీ విభాగం. బల్ల మీద బిరడా బిగించిన గాజు సీసా, దాని పక్కనే రాత్రీ పగలూ వెలిగే బల్బు. సీసాలో ఎరుపు కలిసిన గోధుమరంగు ద్రవం, దాని నిండా బ్యాక్టీరియా. బిరడాలోంచి సన్నటి గొట్టం ఒకటి నీళ్లలో బోర్లించిన కొలపాత్రలోకి వెళ్తుంది. గొట్టం చివర బుడగ లేచినప్పుడల్లా పాత్రలో నీటిమట్టం వెంట్రుకవాసి దిగుతుంది. ఆ ఖాళీలో చేరేదే హైడ్రోజన్.

ఈ దృశ్యమూ, కింది మాటలూ నా ఊహ. అందులోని చిక్కు మాత్రం నిజం. ఈ బ్యాక్టీరియాతో పనిచేసేవాళ్లకి తప్పనిదది.

"అన్నా, బుడగలు ఆగిపోయినయి."

"నిన్న ఏం పోసినవమ్మా?"

"అమ్మోనియం క్లోరైడ్. మంచిగ పెరుగుతదని."

"పెరుగుతది. గ్యాస్ ఇయ్యదు. పారబోసి, గ్లుటమేట్‌తో మళ్ల మొదలువెట్టు."

ఈ సూక్ష్మజీవి హైడ్రోజన్ వదిలేది నైట్రోజినేజ్ అనే ఎంజైముతో. ఆ ఎంజైము అసలు పని గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడం. యూరియా దండిగా వేసిన పెసరచేలో వేరుబుడిపెలు సరిగా కట్టనట్టే, అమ్మోనియా సిద్ధంగా దొరికితే ఇది పని మానేస్తుంది. అందుకే అమ్మోనియా ఇవ్వరు, నత్రజని కూడా అందకుండా సీసాలో గాలి తీసేసి ఆర్గాన్ నింపుతారు. నత్రజనీ లేదు, అమ్మోనియా లేదు, వెలుతురు మాత్రం పుష్కలం. అప్పుడు చేతిలో ఉన్న ఎలక్ట్రాన్లని హైడ్రోజన్‌గా వదిలించుకోక దానికి గత్యంతరం లేదు. సగం కడుపుతో ఉంచితేనే ఇస్తుందన్నమాట.

దాని పూర్తి పేరు రోడోబాక్టర్ స్ఫీరాయిడిస్ ఓ.యూ. 001. ఆ రెండక్షరాలూ ఉస్మానియా యూనివర్సిటీవే. కె. శశికళ, సి.హెచ్.వి. రమణ, పి. రఘువీర్ రావు బృందం దీని మీద 1990ల తొలినాళ్లలో వరసగా పరిశోధన పత్రాలు అచ్చువేసింది. 1992 నాటి పత్రం డిస్టిలరీ వ్యర్థజలం నుంచి హైడ్రోజన్ తీయడం గురించి. ఈ జీవి జర్మనీలోని సూక్ష్మజీవుల భాండాగారంలో డీఎస్ఎం 5864గా నమోదైంది, తర్వాత టర్కీ చేరింది. అంకారాలోని మిడిల్ ఈస్ట్ టెక్నికల్ యూనివర్సిటీలో దీన్ని ఏళ్ల తరబడి పెంచారు, ఆలివ్ నూనె మిల్లుల మురుగునీరు కూడా పోసి చూశారు. అంకారా ల్యాబుల్లో పలికే ఈ ఓయూ మన దగ్గర ఎందరికి తెలుసో!

కథలో రెండో సగం ఉస్మానియా పక్కనే, తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో జరిగింది. ఇక్కడ బల్బు అక్కర్లేదు, పని చీకట్లోనే. ఎస్. వెంకటమోహన్ బృందం మురుగునీటినీ, కూరగాయల చెత్తనీ, వంటింటి వ్యర్థాలనీ పులియబెట్టి హైడ్రోజన్ తీసింది. ఆయనకు 2014లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఇక్కడి శత్రువు వేరు. మురుగుబురదలో మీథేన్ చేసే జీవులుంటాయి, పుట్టిన హైడ్రోజన్‌ని పుట్టినట్టే మింగేస్తాయి. బురదని ముందే వేడిచేసో, ఆమ్లం కలిపో వాటిని చంపుతారు. గట్టి పెంకు కట్టుకుని బీజాలుగా మారగల క్లాస్ట్రీడియంలాంటివి బతికి బయటపడి పని మొదలెడతాయి.

లెక్క ఇలా ఉంటుంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి చీకటి దశలో దక్కేది మహా అయితే 4 హైడ్రోజన్ అణువులు, మిగిలేవి రెండు అసిటిక్ ఆమ్లం అణువులు. వాటిని ఓయూ 001 లాంటి దానికి వెలుతురులో తినిపిస్తే, కాగితం మీద, ఇంకో 8. మొత్తం 12.

ఈ లెక్కకి కావాల్సిన చక్కెర అడవిలోనూ ఉంది. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకొస్తే, దుమ్ముగూడెం, చర్ల వైపు ఎండాకాలం తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఎండబెట్టిన పువ్వు బరువులో దాదాపు సగం చక్కెరే. నానేసిన కుండలో నురగ కట్టే గ్యాస్ కార్బన్ డయాక్సైడ్, అది ఈస్టు పని. అదే కుండలో క్లాస్ట్రీడియం ఉంటే హైడ్రోజన్ కూడా వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బెంగళూరు ఐఐఎస్సీలో ఫౌలర్ బృందం ఇప్పపువ్వు నుంచి అసిటోన్ తీసే పని చేసింది. అసిటోన్ చేసే బ్యాక్టీరియా హైడ్రోజన్ వదిలేవే. అప్పట్లో కావాల్సింది తుపాకిమందుకి అసిటోన్, గ్యాసు ఎవరిక్కావాలి?

అలాగని ఇప్పపువ్వుతో కార్లు నడపమని నేననను. కోయవాళ్ల తిండిలో, పండగలో ఉన్న పువ్వది. పైగా దిగుబడి చూడండి. తమిళనాడు పరిశోధకులు 2008లో ప్రకటించిన ప్రయోగంలో డిస్టిలరీ వ్యర్థజలంతో, మూడు రకాల బ్యాక్టీరియా కలిపి, 100 ఘనపు మీటర్ల ట్యాంకులో 40 గంటలకు తీసిన హైడ్రోజన్ సుమారు 21 కిలోలు. నాలుగు హైడ్రోజన్ కార్ల ట్యాంకులు నిండుతాయి, అంతే. వెలుతురు దశకి ఇంకో బెడద ఉంది: ద్రవం చిక్కబడేకొద్దీ కాంతి లోపలికి దిగదు. లోతు తగ్గించాలి, స్థలం పెంచాలి.

కాబట్టి ఇంధనం కోసం వేరే ఫ్యాక్టరీ కట్టడం నా దృష్టిలో దండగ. వ్యర్థజలాన్ని ఎలాగూ శుద్ధిచేయక తప్పని చోటే ఇది పెట్టాలి. గోదావరికి ఈవల సారపాకలో కాగితం మిల్లు, ఇటు ఖమ్మం జిల్లాలో చక్కెర మిల్లు అలాంటి చోట్లే. అక్కడ బిల్లు కట్టేది మురుగు శుద్ధికి, హైడ్రోజన్ కొసరు.