ఇంటి పెరటికి మందారమా, గన్నేరా? పశువులున్న రైతులు చూసుకోవాల్సిన విషయాలు

ఏడాది పొడవునా పచ్చగా ఉండి, రోజూ పూజకు పూలిచ్చే పొద మొక్కలు అనగానే మన పల్లెల్లో ముందుగా గుర్తొచ్చేవి మందారం, గన్నేరు. రెండూ కొమ్మ గుచ్చితే బతుకుతాయి, పెద్దగా ఖర్చు ఉండదు. అందుకే చాలామంది ఏది దొరికితే అది నాటేస్తారు. పట్నంలో ఇంటికైతే అది సరిపోతుందేమో గానీ ఆవులు, గేదెలు, మేకలు ఉన్న రైతు ఇంటికి సరిపోదు. ఈ రెండింటిలో ఒకటి పశువు తినదగిన మొక్క. రెండోది పశువు ప్రాణం తీయగల మొక్క. నాటే ముందే ఈ తేడా తెలుసుకుని, ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోవాలి.

ముందు పేర్ల సంగతి

మందారం శాస్త్రీయ నామం హైబిస్కస్ రోసా సైనెన్సిస్. ఇది పత్తి, బెండ, గోంగూర కుటుంబానికి చెందిన మొక్క. రెక్క మందారం, ముద్ద మందారం అని రకాలున్నాయి.

గన్నేరు శాస్త్రీయ నామం నీరియం ఒలియాండర్. ఆకులు సన్నగా, పొడవుగా, కణుపుకు సాధారణంగా మూడేసి చొప్పున ఉంటాయి. పూలు గులాబీ, ఎరుపు, తెలుపు రంగుల్లో పూస్తాయి. గంటల్లాంటి పసుపు పూలు పూసే పచ్చ గన్నేరు వేరే మొక్క. అది కూడా విషపూరితమే, దాని గింజలు మరీ ప్రమాదకరం. బిళ్ళ గన్నేరు, దేవ గన్నేరు పేరులో గన్నేరు ఉన్నా ఇవి కూడా వేరే మొక్కలు. ఈ వ్యాసంలో గన్నేరు అంటే సన్నాకు గన్నేరు అని అర్థం చేసుకోండి.

నేల, నీరు, ఎండ

మందారానికి నీరు నిలవని, సేంద్రియ పదార్థం ఉన్న ఎర్ర నేలలు, గరప నేలలు అనుకూలం. రోజుకు కనీసం 5-6 గంటల ఎండ తగలాలి. వేసవిలో తడి ఆగిపోతే మొగ్గలు రాలిపోతాయి. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రమే పచ్చగా కనిపిస్తాయి. ఇది ఇనుప ధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం రోజుల తేడాతో రెండుసార్లు పిచికారి చేయాలి.

గన్నేరు మొండి మొక్క. వేరు పట్టిన తర్వాత నీటి ఎద్దడిని, కొంతవరకు ఉప్పు నీటిని, దుమ్మును, వేడిని తట్టుకుంటుంది. జాతీయ రహదారుల మధ్య డివైడర్లపై దీన్ని పెంచేది అందుకే. దీనికి ఎండ బాగా కావాలి. నీడలో పెరుగుతుంది గానీ పూలు తగ్గుతాయి.

నీటి వసతి మాత్రమే చూస్తే గన్నేరుదే పైచేయి. అయితే పెరటికి నీళ్ళు ఒక్కటే లెక్క కాదు.

గన్నేరు విషం ఎలా పని చేస్తుంది?

గన్నేరు ఆకు, పువ్వు, కాండం, వేరు, పాలు అన్నింటిలోనూ ఒలియాండ్రిన్ వంటి విష పదార్థాలున్నాయి. ఇవి గుండె కొట్టుకునే తీరును దెబ్బతీస్తాయి. కొద్దిపాటి ఆకు కూడా పశువుకు ప్రాణాంతకం కావచ్చు.

"మా మేకలు గన్నేరు వంక చూడవు" అని చాలామంది అంటారు. నిజమే, పచ్చి ఆకు చేదుగా ఉంటుంది కాబట్టి మామూలుగా పశువులు ముట్టుకోవు. అయితే ఆకు వాడినా, ఎండినా విషం పోదు. ఎండిన ఆకు మేతలో కలిస్తే పశువు దాన్ని వేరు చేసి వదిలేయలేదు. అందుకే చెట్టు మీదున్న ఆకు కంటే కత్తిరించి పడేసిన కొమ్మతోనే ప్రమాదం ఎక్కువ. ముఖ్యంగా ఈ కింది సందర్భాల్లో జాగ్రత్త పడాలి.

- కత్తిరించిన కొమ్మలు దొడ్డి పక్కన పడి, ఎండిన ఆకులు గడ్డిలో కలవడం.
- గట్టు మీద పచ్చగడ్డి కోసేటప్పుడు గన్నేరు ఆకులు కూడా మోపులోకి వచ్చి, చాఫ్ కట్టర్‌లో పడడం.
- కుడితి తొట్టి, నీళ్ళ తొట్టి మీదకు వాలిన కొమ్మల నుంచి ఆకులు, పూలు నీటిలో రాలడం.
- పూజ అయ్యాక తీసిన గన్నేరు పూలను, దండలను ఆవుకు వేయడం.
- మేత కొరత ఉన్న వేసవిలో ఆకలితో ఉన్న పశువును గన్నేరు కంచె పక్కన కట్టేయడం.

మనుషులకూ ఇది అంతే ప్రమాదం. గన్నేరు పుల్లతో పళ్ళు తోముకోకూడదు. ఎండు కొమ్మలను పొయ్యిలో పెట్టకూడదు, ఆ పొగ కూడా మంచిది కాదు. పిల్లలు పూలు, ఆకులు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

మందారంతో ఉన్న ఇబ్బంది

మందారం ఆకు, పువ్వు పశువులకు హాని చేయవు. పైగా మేకలు ఇష్టంగా తింటాయి. అదే దీనికి మొదటి ఇబ్బంది. మొక్క నడుము ఎత్తు వచ్చే వరకు చుట్టూ ముళ్ళ కంప గానీ వల గానీ కట్టాలి.

రెండోది పురుగుల బెడద. మందారం పత్తి, బెండ కుటుంబానిదే కాబట్టి పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ వంటివి వాటితో పాటు దీన్నీ ఆశిస్తాయి. పంట లేని రోజుల్లో పిండినల్లి మందారం మీద బతికి, పంట వేయగానే అక్కడికి చేరవచ్చు. పత్తి, బెండ వేసే చేనుకు ఆనుకుని మందారం నాటకండి. ఇంటి దగ్గర ఉన్న మొక్కను వారానికి ఒకసారి ఆకుల అడుగున, మొగ్గల దగ్గర చూడండి. తెల్లటి దూది లాంటి పిండినల్లి కనిపిస్తే ఆ కొమ్మను తుంచి కాల్చేయండి. తర్వాత లీటరు నీటికి 5 మి.లీ. వేప నూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి మొక్క పూర్తిగా తడిసేలా సాయంత్రం పూట పిచికారి చేయండి. చీమలు పిండినల్లిని ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు చేరవేస్తాయి కాబట్టి మొదలు దగ్గర చీమల పుట్టలు లేకుండా చూడాలి.

గన్నేరుకు పురుగుల బెడద తక్కువ. లేత కొమ్మలపై పసుపు రంగు పేనుబంక వస్తుంది. నీటిని గట్టిగా కొడితే చాలావరకు రాలిపోతుంది.

నాటడం, కత్తిరింపులు

రెండింటికీ తొలకరి వానలు పడ్డాక నాటడం మంచిది. పెన్సిల్ మందం, 15-20 సెం.మీ. పొడవున్న ముదురు కొమ్మను తీసుకుని, కింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టి సంచిలో నాటాలి. వేరు పట్టాక అడుగున్నర లోతు, అంతే వెడల్పున్న గుంతలో చివికిన పశువుల ఎరువు కలిపి మార్చుకోవాలి. కంచెగా అయితే మొక్కకూ మొక్కకూ 3-4 అడుగులు, విడిగా అయితే 6 అడుగుల దూరం ఉంచాలి.

రెండూ కొత్త చిగుళ్ళ మీదే పూస్తాయి. పూత తగ్గిన సమయంలో కొమ్మల చివర్లు కత్తిరిస్తే మళ్ళీ గుబురుగా వచ్చి పూస్తాయి. మందారం రెమ్మలకు పురుగు లేకపోతే మేకలకు వేసుకోవచ్చు. గన్నేరు కత్తిరించేటప్పుడు మాత్రం చేతి తొడుగులు వేసుకోవాలి. పాలు కళ్ళలో పడకుండా చూసుకోవాలి. పని అయ్యాక చేతులు, కత్తి సబ్బుతో కడగాలి. కత్తిరించిన కొమ్మలను ఆ రోజే ఏరి, పశువులు తిరగని చోట గుంత తీసి పూడ్చాలి. కాల్చకూడదు, పెంటకుప్పలో వేయకూడదు.

పశువు తిన్నట్టు అనుమానం వస్తే

మేత మానేయడం, చొంగ కార్చడం, కడుపు నొప్పితో కాళ్ళు తన్నుకోవడం, పారుడు, నీరసం, గుండె లయ తప్పడం వంటి లక్షణాలు కనిపించవచ్చు. కొన్నిసార్లు ఏ లక్షణమూ గమనించక ముందే పశువు చనిపోతుంది. నాటు మందులు తాగిస్తూ సమయం పోగొట్టకండి. పశువును నడిపించకుండా నీడలో ఉంచి, వెంటనే పశువైద్యుణ్ని పిలవండి లేదా 1962కు ఫోన్ చేయండి. మేతలో దొరికిన ఆకును డాక్టరుకు చూపించండి. మిగిలిన పశువులకు ఆ మేత ఆపేయండి. మనుషులు తింటే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఏ ఇంటికి ఏది?

- పశువుల పాక, పసిపిల్లలు ఉన్న ఇంటి పెరటికి మందారం నాటండి. రోజూ గిన్నెలు, చేతులు కడిగే నీళ్ళు వెళ్ళే చోటు ఉంటే ఇంకా మంచిది. సబ్బు నీళ్ళు మాత్రం వదలకండి.
- పత్తి లేదా బెండ చేనుకు ఆనుకుని ఇల్లు ఉంటే మందారాన్ని చేను వైపు కాకుండా వీధి వైపు పెట్టండి.
- నీరు లేని చోట, పశువులు రాని వీధి గోడ వారగా గన్నేరు పెంచుకోవచ్చు. పాక, గడ్డివాము, బావి, నీళ్ళ తొట్టి దగ్గర మాత్రం వద్దు.
- చేను గట్టు మీద గన్నేరు కంచె వద్దు. గడ్డి కోసే చోట అది ఉండకూడదు.

ఇప్పటికే పాక పక్కన గన్నేరు ఉంటే ఈ వారమే ఒకసారి చూడండి. మేత మీదకు, తొట్టి మీదకు వాలిన కొమ్మలను తీసేసి, కింద రాలిన ఆకులను ఏరి పూడ్చండి. వీలైతే మొక్కను వేర్లతో సహా తవ్వి తీసి, ఆ చోట మందారం కొమ్మ నాటుకోండి. పాడి పశువును పోగొట్టుకోవడంతో పోలిస్తే ఒక పూల మొక్కను మార్చుకోవడం పెద్ద పని కాదు.